రేడియో ఒకటి, బ్యాటరీలు మూడు: మీకు తెలుసా?

బ్యాటరీ రేడియో అనగానే మనకు ట్రాన్సిస్టరే గుర్తొస్తుంది. అంతకుముందున్న పెద్ద పెట్టె రేడియోలన్నీ గోడ ప్లగ్గుకు తగిలించుకునేవేనని చాలామంది అనుకుంటారు. నిజం దాదాపు తలకిందులు. ఇళ్లలోకి వచ్చిన తొలి వాల్వు రేడియోలు నడిచింది బ్యాటరీల మీదే. ప్లగ్గు తర్వాత వచ్చింది. కరెంటు స్తంభం చేరని పల్లెల్లో 1950ల చివరిదాకా బ్యాటరీ వాల్వు సెట్లే దిక్కు. ఏనుగును కొనడం కన్నా మేపడం కష్టమంటారు. ఈ రేడియోల కథంతా ఆ మేపడం గురించే.

● 1925 నాటి అమెరికన్ రేడియోకు మూడు రకాల బ్యాటరీలు కావాలి. వాటి పేర్లు ఎ, బి, సి. వాల్వు అనే గాజు బుడ్డి లోపల సన్నని తీగ ఉంటుంది, దాన్నే ఫిలమెంట్ అంటారు. దాన్ని వేడి చేయడం ఎ బ్యాటరీ పని. వేడెక్కిన తీగ నుంచి ఎలక్ట్రాన్లు వెలువడితే వాటిని ప్లేటు అనే లోహపు రేకు వైపు లాగడానికి ఎక్కువ వోల్టేజి కావాలి, అది బి బ్యాటరీ ఇస్తుంది. మధ్యలో గ్రిడ్ అనే జాలీ ఉంటుంది. కుళాయి పిడి నీళ్లను అదుపు చేసినట్టు అది ఎలక్ట్రాన్ల ప్రవాహాన్ని అదుపు చేస్తుంది. ఆ పిడి ఎక్కడ నిలబడాలో చెప్పేది సి బ్యాటరీ.

మామూలు అయిదు వాల్వుల సెట్టుకు ఎ అంటే కారు బ్యాటరీ లాంటి 6 వోల్టుల ఆసిడ్ బ్యాటరీ. బి అంటే 45 వోల్టుల దిమ్మెలు రెండు, కలిపి 90 వోల్టులు. ఒక్కో దిమ్మెలో ఒకటిన్నర వోల్టుల సెల్సు 30 ఉంటాయి. సి మాత్రం అరచేతిలో పట్టే నాలుగున్నర వోల్టుల చిన్న బ్యాటరీ.

ఇందులో తమాషా ఏమిటంటే, సి బ్యాటరీ నుంచి సెట్టు తీసుకునే కరెంటు దాదాపు సున్నా. దాన్ని పెట్టకపోయినా రేడియో పాడుతుంది. అందుకని కొందరు పిసినారితనంతో దాన్ని కొనడం మానేసేవారు. అప్పుడు గ్రిడ్‌కు అదుపు తప్పి, ఖరీదైన బి బ్యాటరీ త్వరత్వరగా అరిగిపోయేది. అణాలు మిగుల్చుకోబోయి రూపాయలు పోగొట్టుకోవడమన్నమాట.

ఎ, బి, సి అన్న పేర్లలో ఒకటి ఇంకా బతికే ఉంది. వాల్వు ఆంప్లిఫయర్ల సర్క్యూట్ పటాల్లో హైవోల్టేజి లైనును ఈనాటికీ ‘బి ప్లస్’ అనే రాస్తారు. ఆ బి మన పాత బి బ్యాటరీయే.

● కారు బ్యాటరీని హాల్లో తివాచీ మీద పెట్టుకోవాల్సి రావడం ఇల్లాళ్లకు ససేమిరా నచ్చలేదు. ఆసిడ్ చిందితే తివాచీకి చిల్లు, చెక్కకు మచ్చ. పైగా వాల్వులకు ఆకలి ఎక్కువ. యూవీ-201 అనే తొలి తరం వాల్వు ఒక్కటే ఫిలమెంట్‌కు 1 ఆంపియర్ తాగేది. అలాంటివి అయిదు పెడితే 5 ఆంపియర్లు. అంటే 80 ఆంపియర్-అవర్ల బ్యాటరీ 16 గంటల్లో ఖాళీ. తర్వాత టంగ్‌స్టన్ తీగలో థోరియం కలిపి 201-ఎ అనే వాల్వు చేశారు. అది పావు ఆంపియర్‌తో సరిపెట్టుకుంది. అదే బ్యాటరీ ఇప్పుడు 64 గంటలు వచ్చింది, రోజుకు మూడు గంటలు విన్నా మూడు వారాలు. ఆకారంలో రెండూ ఒకేలా ఉండే గాజు బుడ్లే, అసలు తేడా కంటికి ఆనని తీగలో ఉంది.

ఆసిడ్ గొడవే వద్దనుకునేవారికి యూవీ-199 వచ్చింది. సుమారు 3 వోల్టులు, 60 మిల్లీ ఆంపియర్లు చాలు. మూడు పొడి సెల్సుతో పని జరిగిపోయేది. కాకపోతే దాని తీగ ఎంత సన్ననిదంటే, బల్ల మీద చెయ్యి తగిలినా స్పీకర్లో ‘టింగ్’మని గంట మోగినట్టు వినిపించేది. అందుకని దాని సాకెట్ల కింద మెత్తటి రబ్బరు వేసేవారు.

● వాల్వు రేడియో అంటే స్విచ్ వేసి, అది వేడెక్కేదాకా అరనిమిషం కాచుకోవాలని పెద్దవాళ్లు చెబుతారు. అది కరెంటు సెట్ల సంగతి. బ్యాటరీ వాల్వులో ఎలక్ట్రాన్లను వెదజల్లేది వెంట్రుకలాంటి ఆ ఫిలమెంట్ తీగే కాబట్టి క్షణంలో వేడెక్కుతుంది, స్విచ్ వేసిన సెకనుకే పాట మొదలవుతుంది. పైగా బ్యాటరీది నికార్సయిన డీసీ. స్టేషను దగ్గర నిలిపితే కరెంటు సెట్లలో వచ్చే ‘గుయ్’మనే రొద దీనిలో ఉండదు.

ఇంకో వింత, 1940ల నాటి బ్యాటరీ వాల్వులు వెలుగుతున్నట్టే కనిపించవు. చీకటి గదిలో కళ్లు చికిలించి చూస్తే లోపల ఎర్రని నూలుపోగు లాంటిది కనపడితే కనపడుతుంది. ‘వెలగడం లేదు, మాడిపోయింది’ అని పారేసిన మంచి వాల్వులు ఎన్నో.

● ఫిల్కో పేరు పాత రేడియోల మీద చూసే ఉంటారు. అసలు పేరు ఫిలడెల్ఫియా స్టోరేజ్ బ్యాటరీ కంపెనీ. 1892లో మరో పేరుతో మొదలై, బ్యాటరీలు అమ్ముకుంటూ హాయిగా బతికింది. 1927లో నేరుగా ఏసీ కరెంటు మీద నడిచే వాల్వులు బజారులోకి రావడంతో రేడియో బ్యాటరీల గిరాకీకి గండి పడింది. మరుసటి ఏడాదే ఆ కంపెనీ తానే రేడియోలు చేయడం మొదలుపెట్టి, 1930 నాటికి అమెరికాలో అతిపెద్ద రేడియో తయారీదారు అయి కూర్చుంది.

మోటరోలా పుట్టుక కూడా ఈ బ్యాటరీల గొడవలోంచే. 1928లో షికాగోలో పాల్ గాల్విన్, జోసెఫ్ గాల్విన్ అనే అన్నదమ్ములు, దివాలా తీసిన ఒక బ్యాటరీ కంపెనీ సరంజామా కొని దుకాణం తెరిచారు. చేతిలో ఉన్న రొక్కం 565 డాలర్లు. వాళ్లు మొదట అమ్మింది ‘బ్యాటరీ ఎలిమినేటర్’. అంటే బ్యాటరీ రేడియోను ఇంటి కరెంటు మీద నడిపించే పెట్టె. కారు రేడియో, మోటరోలా అన్న పేరు 1930లో వచ్చాయి. సెల్‌ఫోన్లు మరీ తర్వాతి సంగతి.

కెనడాలో టొరంటోకు చెందిన ఎడ్వర్డ్ రోజర్స్ 1925లోనే బ్యాటరీ అక్కర్లేని రేడియో తెచ్చాడు. ఆ మురిపెంతో 1927లో పెట్టిన తన రేడియో స్టేషన్‌కు సీఎఫ్ఆర్‌బీ అని పేరు పెట్టుకున్నాడు. చివరి రెండక్షరాలు ‘రోజర్స్ బ్యాటరీలెస్’ అన్నదానికి పొడి అక్షరాలు. బ్యాటరీ లేకపోవడమే గొప్పగా చెప్పుకోవలసిన రోజులవి.

● ఇంగ్లండ్‌లో 1930లలో పిల్లలకు ఒక పని తప్పేది కాదు. పిడి ఉన్న చతురస్రపు గాజు సీసా, అందులో సీసం పలకలు, గంధకామ్లం. అది 2 వోల్టుల అక్యుములేటర్. వారానికోసారి దాన్ని సైకిల్ షాపుకో గ్యారేజీకో మోసుకెళ్లి, ఖాళీది ఇచ్చి చార్జ్ చేసినది తెచ్చుకోవాలి. షాపువాడు కొన్ని పెన్నీలు తీసుకుని చీటీ కట్టేవాడు. ఇంట్లో ఒకటి, షాపులో ఒకటి, ఇలా రెండు సీసాలు తిరుగుతూ ఉండేవి. నడుస్తుంటే ఆసిడ్ తొణికి నిక్కరుకో మేజోడుకో పడితే, ఉతికాక అక్కడ కన్నం తేలేది. శనివారం సాయంత్రం సీసా తేవడం మర్చిపోతే ఆ రాత్రి ఇంట్లో రేడియో మూగనోము.

అక్కడి జనం ఇంకో ఉపాయం కూడా కనిపెట్టారు. హైటెన్షన్ బ్యాటరీకి (అమెరికన్ల బి బ్యాటరీకి అక్కడి పేరు) చిల్లులు వరసగా ఉంటాయి, వాటిలో పిన్నులు గుచ్చుకుని వోల్టేజి తీసుకోవాలి. ఒక పిన్ను జారి ఫిలమెంట్ తీగకు తగిలిందంటే ఇంట్లోని వాల్వులన్నీ ఒక్క మెరుపుతో మాడిపోతాయి. వాల్వు ఖరీదేమో కూలివాడి కొన్ని రోజుల జీతం. అందుకని హైటెన్షన్ నెగటివ్ తీగలో టార్చ్‌లైట్ బల్బు ఒకటి పెట్టేవారు. పొరపాటు జరిగితే పోయేది బల్బు, మిగిలేది వాల్వులు. ఇంత చవకైన ఇన్సూరెన్సు ఇంకెక్కడా ఉండదు.

● అమెరికాలో పట్నాలు 1930 నాటికి ప్లగ్గు రేడియోకు మారిపోతే, పొలాల్లో ఆ ఊసే లేదు. 1930ల మధ్యలో అక్కడ పదింట ఒక రైతు ఇంటికే కరెంటు ఉంది. గ్రామీణ విద్యుదీకరణ సంస్థ 1935లో పుట్టి, ఊరూరా తీగలు లాగేసరికి చాలా ఏళ్లు పట్టింది. మరి మార్కెట్ ధరలు, వాతావరణం, ఆదివారం ప్రార్థన వినాలి కదా? అందుకే రేడియో కంపెనీలు ‘ఫార్మ్ రేడియో’ అని ప్రత్యేకంగా అమ్మాయి. కొందరు రైతులు సాయంత్రం కారు బ్యాటరీ ఊడదీసి రేడియోకు తగిలించుకుని, పొద్దున్నే మళ్లీ కారుకు బిగించేవారు.

అయోవా రాష్ట్రంలో ఆల్బర్స్ అన్నదమ్ములు ఇంకాస్త ముందుకు ఆలోచించారు. ఇంటి కప్పు మీద చెక్క రెక్కల గాలిమర పెట్టి, దానితో 6 వోల్టుల బ్యాటరీ చార్జ్ చేశారు. అదే ‘విన్‌చార్జర్’. జెనిత్ కంపెనీ యజమాని యూజీన్ మెక్‌డొనాల్డ్ దాన్ని పట్టుకుని, మా రేడియో కొంటే గాలిమర తక్కువ ధరకు ఇస్తామన్నాడు. ఏడాదికి 50 సెంట్ల ఖర్చుతో రేడియో అని ప్రకటన. గాలికి ఖరీదు లేదు కదా, ఆ 50 సెంట్లు నూనెకీ నీళ్లకీ అనుకోవాలి! ఇవాళ మనం గొప్పగా చెప్పుకునే ఇంటిపై పవన విద్యుత్తు వేల ఇళ్లకు మొదట వచ్చింది రేడియో కోసమే.

6 వోల్టుల నుంచి 90 వోల్టులు ఎలా వస్తాయని అడగొచ్చు. వైబ్రేటర్ అనే చిన్న డబ్బా లోపల ఒక ఇనుప రేకు సెకనుకు వందసార్లకు పైగా అటూ ఇటూ కొట్టుకుంటూ డీసీని ముక్కలు చేస్తుంది. ఆ ముక్కలు ట్రాన్స్‌ఫార్మర్ దాటితే వోల్టేజి పెరుగుతుంది. చెవి ఆనిస్తే తుమ్మెద రొదలా వినపడుతుంది. అరిగేది కూడా ముందు అదే.

● రేడియో చరిత్రలో పెద్ద పేరు ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్‌ది. ఇప్పటికీ దాదాపు ప్రతి రేడియోలో ఉండే సూపర్‌హెటరోడైన్ పద్ధతి ఆయనదే. 1923లో ఆయన తన భార్య మారియన్‌కు పెళ్లి కానుకగా ఇచ్చింది నగ కాదు, బ్యాటరీలతో నడిచే పోర్టబుల్ సూపర్‌హెట్ రేడియో. పామ్ బీచ్ ఇసుకలో కొత్త దంపతులు దాని పక్కన కూర్చున్న ఫొటో ఉంది. పోర్టబుల్ అన్నారు కానీ దాన్ని మోయడానికి పెళ్లికొడుకు లాంటివాడే కావాలి.

● నాజీ జర్మనీలో చవకగా అమ్మిన ‘ప్రజా రేడియో’ వీఈ-301లో ఆ అంకె హిట్లర్ అధికారానికి వచ్చిన జనవరి 30ని సూచిస్తుంది. కరెంటు రకం 76 మార్కులు, బ్యాటరీ రకం 65 మార్కులు. కొనేటప్పుడు చవక, నడిపేటప్పుడు ఖరీదు. ప్రచారం పల్లెకు చేరడమే ముఖ్యమైనప్పుడు బ్యాటరీ ఖర్చు ఎవరు లెక్క పెడతారు?

● 1949లో ఉత్తర రొడీషియాలో (ఇప్పటి జాంబియా) ఓ విచిత్రమైన రేడియో వచ్చింది. లుసాకాలో సమాచార శాఖ అధికారి హ్యారీ ఫ్రాంక్లిన్ ఆఫ్రికన్ భాషల్లో ప్రసారాలు నడుపుతున్నాడు. స్టేషన్ ఉంది, వినేవాళ్లకు సెట్లు లేవు. చవకైన సెట్టు కావాలని తయారీదారుల వెంట పడితే, చివరికి బ్రిటన్‌లోని ఎవర్ రెడీ కంపెనీ ఒప్పుకుంది. చెక్క పెట్టెను చెదలు తింటాయి, వానకు ఉబ్బుతుంది. అందుకని నమూనా సెట్టును పిడి బిగించని అల్యూమినియం వంటగిన్నెలో పెట్టారు! తొమ్మిది అంగుళాల గిన్నె, నీలం రంగు, నాలుగు వాల్వులు, పొడి బ్యాటరీ, ధర 5 పౌండ్లు. దానికి ‘సాస్‌పాన్ స్పెషల్’ అన్న పేరే నిలిచిపోయింది. నా మటుకు నాకు, ఈ పట్టికలోని రేడియోలన్నిటిలో తెలివైన డిజైన్ ఇదే. కంపెనీ చెప్పినట్టు జనం మారాలని కాక, జనం ఇంటికి తగినట్టు రేడియో మారింది.

● కిరసనాయిలు దీపంతో రేడియో నడిచింది. ఇది కథ కాదు. 1950లలో సోవియట్ యూనియన్‌లో టీజీకే-3 అనే పరికరం అమ్మేవారు. వేలాడే కిరసనాయిలు దీపం చిమ్నీ చుట్టూ లోహపు రెక్కలు ఉంటాయి. రెండు వేర్వేరు పదార్థాలు కలిపిన జంటలను ఒక కొస వేడిగా, మరో కొస చల్లగా ఉంచితే కరెంటు పుడుతుంది. ఈ సంగతిని జర్మనీకి చెందిన సీబెక్ 1821లోనే కనిపెట్టాడు. దీపం వేడి ఒకవైపు, రెక్కల చలువ మరోవైపు. వచ్చేది మూడు వాట్లే. బ్యాటరీ వాల్వు రేడియోకు అదే చాలు. ఒకే చుక్క నూనెతో ఇంట్లో వెలుగూ మాస్కో వార్తలూ.

దీని వెనక ఉన్న శాస్త్రవేత్త అబ్రామ్ ఇయోఫే. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఆయన బృందమే ‘పార్టిజాన్ల కుండ’ చేసింది. అడవిలో దాక్కున్న గెరిల్లాలు కుండలో నీళ్లు పోసి నెగడు మీద పెడితే, అడుగున ఉన్న జంటలు వైర్‌లెస్ సెట్టుకు కరెంటు ఇచ్చేవి.

● మన దేశంలో ఊరుమ్మడి రేడియోల ప్రయోగాలు 1930ల మధ్యలోనే మొదలయ్యాయి. 1935లో పెషావర్‌లో (ఇప్పటి పాకిస్తాన్) మార్కోనీ కంపెనీ అరువిచ్చిన ట్రాన్స్‌మిటర్‌తో చుట్టుపక్కల గ్రామాలకు ప్రసారాలు చేశారు. మరుసటి ఏడాది ఢిల్లీ స్టేషన్ వచ్చింది. ఊళ్లలో కరెంటు లేదు కాబట్టి అవన్నీ బ్యాటరీ సెట్లే. మోటారులో వచ్చి బ్యాటరీలు మార్చి, పాతవి చార్జింగ్‌కు తీసుకుపోవాలి. ప్రసారం కన్నా ఈ తిరుగుడు ఖర్చే అధికారులకు తలనొప్పి. సెట్టు బాగానే ఉంటుంది, స్టేషను బాగానే ఉంటుంది, బ్యాటరీ మాత్రం సమయానికి రాదు.

తెలుగు శ్రోతకు 1938లో ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం, 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం వచ్చాయి. వాటిని ఊళ్లో వినాలంటే పంచాయితీ రేడియో దగ్గరికి చేరాల్సిందే. ఇంట్లో సొంతంగా పెట్టుకునే మోతుబరికి పొడి బ్యాటరీ ప్యాక్ ఉన్న వాల్వు సెట్టు, రాగితీగతో పట్టీలా అల్లిన ఏరియల్, గోడ అవతల భూమిలో దింపిన ఎర్తు, ఇవికాక అప్పట్లో పోస్టాఫీసులో ఏటా కట్టాల్సిన లైసెన్సు ఉండేవి. ఎండాకాలం ఎర్తు చుట్టూ నేల పొడిబారితే స్టేషను బలహీనమవుతుంది, అక్కడ చెంబెడు నీళ్లు పోయడం పిల్లల డ్యూటీ. ఇందులో మూఢనమ్మకం లేదు, తడి నేలలో ఎర్తు నిజంగానే బాగా అందుతుంది.

అరిగిన బ్యాటరీలను ఎండలో పెట్టడం కూడా వట్టి నమ్మకం కాదు. పొడి సెల్లు వాడే కొద్దీ లోపల రసాయన చర్య వల్ల అడ్డు ఏర్పడుతుంది. కాస్త విశ్రాంతి, కాస్త వెచ్చదనం దొరికితే ఆ అడ్డు కొంత సర్దుకుంటుంది. సాయంత్రం వార్తలు అయ్యేదాకా వస్తుంది. కొత్త శక్తి మాత్రం రాదు, ఉన్న చివరి బొట్టే బయటికొస్తుంది.

● 1938 నుంచి ఫిలమెంట్‌కు 1.4 వోల్టులు చాలనే వాల్వులు వచ్చాయి. అంటే మామూలు పొడి సెల్లు ఒక్కటి. ఆ వెంటనే చిటికెన వేలంత మినియేచర్ వాల్వులు. 1ఆర్5, 1టీ4, 1ఎస్5 ఒక్కోటి 50 మిల్లీ ఆంపియర్లు, స్పీకరును నడిపే 3ఎస్4 మాత్రం 100. నాలుగూ కలిపితే పావు ఆంపియర్. 1.4 వోల్టుల దగ్గర అది 0.35 వాట్లు. పాత 201-ఎ ఒక్క వాల్వు ఫిలమెంట్‌కే 1.25 వాట్లు కావాల్సి వచ్చేది! తర్వాత యూరప్ కంపెనీలు దీన్ని మళ్లీ సగానికి, 25 మిల్లీ ఆంపియర్లకు దించాయి.

ఇలాంటి మినియేచర్ వాల్వులతోనే 1940లో ఆర్‌సీఏ కంపెనీ బీపీ-10 అనే చేతిసంచీ రేడియో తెచ్చింది. మూత తెరిస్తే ఆన్, మూస్తే ఆఫ్. ఏరియల్ చుట్ట మూతలోనే ఉంది. దాని బి బ్యాటరీ 67.5 వోల్టులు. ఇంత చిన్న సెట్టులో అంత వోల్టేజా అనిపిస్తుంది. విప్పి చూస్తే తెలుస్తుంది, అందులో గుండ్రని సెల్సు లేవు. బిస్కెట్లలా పలచగా, చదరంగా ఉన్న 45 సెల్సు ఒకదానిమీద ఒకటి పేర్చి, మైనం పూసి, గట్టిగా బిగించి అట్టపెట్టెలో పెట్టారు. ఇప్పటి 9 వోల్టుల బ్యాటరీల్లో కొన్నిటిని చీరితే ఇదే వరుస ఆరు పొరలతో కనపడుతుంది.

జెనిత్ ట్రాన్స్-ఓషియానిక్ 1942లో వచ్చింది. గాలిమర పథకం వేసిన మెక్‌డొనాల్డ్‌కు తన పడవలో షార్ట్‌వేవ్ వినాలని ఉండేది, అందుకని ఇది పుట్టింది. అదే ఏడాది ఏప్రిల్లో యుద్ధం వల్ల అమెరికాలో పౌరులకు రేడియోల తయారీ ఆగిపోయింది. అప్పటికే అమ్ముడుపోయినవి సైనికుల వెంట సముద్రాలు దాటాయి.

● 1954 అక్టోబరులో ప్రకటించిన రీజెన్సీ టీఆర్-1 అనే ట్రాన్సిస్టర్ రేడియో ధర 49.95 డాలర్లు. అందరూ దాన్నే ముగింపు అంటారు, కానీ వాల్వు అంత తేలిగ్గా వదల్లేదు. మరుసటి ఏడాది ఎమర్సన్ కంపెనీ చెవిటి మిషన్లలో వాడే పొడుగాటి చిట్టి వాల్వులు, రెండు ట్రాన్సిస్టర్లు కలిపి ఒకే జేబు రేడియోలో పెట్టి అమ్మింది. స్పీకరు పని ట్రాన్సిస్టర్లది, స్టేషను పట్టే పని వాల్వులది. ట్రాన్సిస్టర్‌కు వేడెక్కాల్సిన తీగ లేదు, అందుకే వాల్వులు పూర్తిగా పోయాక ఎ బ్యాటరీ అవసరమే లేకుండా పోయింది.

మీ ఇంటి అటక మీద ఇలాంటి సెట్టు ఏదైనా ఉంటే ఒక మాట. ప్లగ్గు లేదని తీగలు చీల్చి ఇంటి కరెంటు తగిలించకండి, ఒక్క క్షణంలో వాల్వులన్నీ పోతాయి. ముందు లోపలి పాత బ్యాటరీ తీసేసి, కారిన తుప్పు తుడవండి. వాల్వు లోపలి వెండి పూత తెల్లగా పాలిపోతే గాలి చొరబడినట్టే, దాన్ని పక్కన పెట్టండి. మెరుస్తూ ఉంటే ఆశ ఉంది. కాగితపు కండెన్సర్లను తెలిసిన మెకానిక్‌తో మార్పించండి. 90 వోల్టుల బ్యాటరీ ఇప్పుడు దొరకదు కానీ, పది 9 వోల్టుల బ్యాటరీలు వరసగా కలిపితే అవే 90. సెట్టు 1.4 వోల్టుల వాల్వులదైతే ఫిలమెంట్‌కు టార్చ్‌లైట్ పెద్ద సెల్లు ఒకటి చాలు, వాల్వులు వరసగా కలిపిన సెట్టయితే వెనక అట్ట మీద రాసిన వోల్టేజి చూసి ఇవ్వండి. 90 వోల్టుల డీసీ చెయ్యి పెడితే గట్టిగానే కొడుతుంది, పిల్లలను దూరంగా ఉంచండి. ఇంకా మీడియం వేవ్‌లో ప్రసారాలు నడుస్తున్న ఊళ్లో ఉంటే, రాత్రి ఎనిమిది దాటాక పెట్టి చూడండి. చీకటి పడ్డాక దూరపు స్టేషన్లు బాగా అందుతాయి.